సీపీ (సెరిబ్రల్ పాల్సీ, చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు, కండరాలు ఇబ్బందయ్యే సమస్య) పిల్లలకి నొప్పి తగ్గట్లేదని మెదడు ఎమ్మారై రాశారా? వెళ్లేముందు ఇవి చూస్కోండి

ముందే చెప్తా, మామూలు ఎమ్మారైలో నొప్పి కనపడదండీ. మెదడులో ఎక్కడ దెబ్బతిందో కనపడుద్ది, నెలలు నిండకుండా పుట్టినోళ్లకైతే ఎక్కువగా జఠరికల (మెదడు లోపల ద్రవం ఉండే ఖాళీలు) పక్కనుండే తెల్ల పదార్థంలో. ఫంక్షనల్ ఎమ్మారై అని ఇంకోటుంది, రక్తప్రసరణ మార్పుల్ని బట్టి మెదడులో ఏ భాగం పనిచేస్తుందో అంచనా వేస్తారు, కానీ నొప్పి విషయంలో అది ఇంకా రీసెర్చ్‌కే, ఆ బొమ్మ చూసి మీవాడికి ఇంత నొప్పి అని ఎవరన్నా అంటే నమ్మమాకండి.

అందుకే నొప్పి సంగతి రాసుకోడానికి ఇంట్లో నోట్‌బుక్ పెట్టండి. మాట రాని పిల్లలకి నొప్పి ఎంతుందో లెక్కేసే ఫ్లాక్ స్కేల్ ఉంది, ముఖం, కాళ్లు, ఒళ్లు కదిలించే తీరు, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నాడా లేదా, ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీస్తే ఏడుస్తున్నాడా? అయితే ముందు తుంటి ఎక్స్‌రే గురించి అడగండి, చాలాసార్లు నొప్పి అక్కడే ఉంటది. మలబద్ధకం కూడా మర్చిపోవద్దు.

విజయవాడ సూర్యారావుపేటలో స్కానింగ్‌కెళ్తే పాత ఆపరేషన్ల డిశ్చార్జ్ సమ్మరీలన్నీ పట్టుకెళ్లండి, ప్లేట్లు, స్క్రూలు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడ్డానికి చెవి లోపల పెట్టే పరికరం) ఏదున్నా చెప్పాలి. బాక్లోఫెన్ పంపు (కండరాల బిగుతు తగ్గించే మందుని వెన్నులోకి పంపడానికి ఒంట్లో పెట్టే పరికరం) ఉంటే మరీ జాగ్రత్త, అయస్కాంతం దగ్గర దాని మోటారు ఆగొచ్చు, స్కానయ్యాక చెక్ చేయించాల్సిందే.

కదిలితే బొమ్మ చెడిపోద్ది కాబట్టి మత్తిస్తారు, మామూలుగా 6 గంటల ముందు నుంచి తిండి పెట్టకూడదు. ఫిట్స్ మందు మాత్రం సొంతంగా ఆపకండి, మత్తు డాక్టర్నే అడగండి. రిపోర్టుతోపాటు సీడీ కూడా అడిగి తీస్కోండి.