పాత మండువా ఇల్లు కొన్నారా? ముందు నీళ్ల దారి, తర్వాత గదులు

మండువా లోగిలి (నడుమ కప్పు లేని చోటు, దాని చుట్టూ గదులు ఉన్న పెంకుటిల్లు) చేతికొచ్చిన మర్నాడే సుద్దముక్క పట్టుకుని ‘ఇది బెడ్‌రూమ్, ఇది అటాచ్డ్ బాత్‌రూమ్’ అని గోడల మీద గీతలు గీసేస్తుంటారు. ఆ గీతల్లో సగం మొదటి వానాకాలానికే మార్చుకోవాల్సి వస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లోని ఈ పెంకుటిళ్లను నీళ్లు ఎటు పోవాలో చూసుకుని కట్టారు. కప్పు మీద పడ్డ వానలో లోపలి వాలులది మండువాలోకి దిగుతుంది, బయటి వాలులది చూరు కింద పడుతుంది. ఆ దారి అర్థమైతే ఏ గది ఎక్కడ ఉండాలో ఇల్లే చెబుతుంది.

చూడటానికి వెళ్లేటప్పుడు పొడవాటి టేపు, గట్టి టార్చి, పొడవైన స్క్రూడ్రైవరు, పురికొస, తాపీమేస్త్రి గుండు, లెవెల్ చూసుకోవడానికి పారదర్శకమైన నీళ్ల గొట్టం, గళ్ల కాగితం పట్టుకెళ్లండి. ఒక్కసారి చూస్తే చాలదు. ఎండ మండే మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి పూట ఒకసారి, మంచి వాన పడుతుండగా మరోసారి వెళ్లాలి. ఎండలో కప్పు కింద నిలబడి పైకి చూస్తే జారిన పెంకు సందుల్లోంచి వెలుగు కనబడుతుంది. ఆ వెలుగు పడ్డచోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. వానలో మళ్లీ వచ్చినప్పుడు ఆ గుర్తుల్లో ఎన్ని తడిశాయో చూడండి. వెలుగు రాని చోట కూడా కారుతోందంటే అది పెంకుల తప్పు కాకపోవచ్చు. మండువా నాలుగు మూలల్లో, రెండు వాలులు కలిసే చోట వేసిన రేకు తుప్పుపట్టి ఉంటుంది. మండువా ఇళ్లలో కారుడంతా ఎక్కువగా అక్కడే.

పెంకులు మార్చాలనుకుంటే ముందు ఒకటి విప్పి కింది వైపు ముద్ర చదవండి. బంగళా పెంకులన్నీ పైకి ఒకేలా కనిపించినా, ఒక కంపెనీ పెంకు గాడిలో ఇంకో కంపెనీ పెంకు సరిగ్గా కూర్చోదు. అర అంగుళం తేడా ఉన్నా గాలివానకు నీళ్లు ఎదురెక్కుతాయి. అందుకే పాత పెంకుల్లో బాగున్నవన్నీ ఏరి వీధి వైపు వాలుకు వాడండి, కొత్తవి పూర్తిగా ఒక వాలుకే వేయించండి. రెంటినీ కలపొద్దు. చదరపు అడుగుకు ఒకటిన్నర పెంకు లెక్కన తెప్పిస్తే విరిగేవాటికి కూడా సరిపోతుంది. మనిషి పెంకు మీద అడుగు పెట్టకూడదు. వాసాల మీద పడేలా పలక పరిచి దాని మీద నడవాలి.

ఇక కలప. దూలం నడుమ భాగం సాధారణంగా బాగానే ఉంటుంది, చెడేది గోడలో దూరిన కొసలు. గోడ చెమ్మ పీల్చి అక్కడ కలప మెత్తబడుతుంది. ప్రతి దూలానికీ రెండు కొసల దగ్గరా స్క్రూడ్రైవరుతో గుచ్చండి. గట్టి టేకులోకి అది దిగదు. అర అంగుళం సులువుగా దిగిపోతే ఆ కొస పోయినట్టే. దూలం మొత్తం తీసేయనక్కర్లేదు. కింద జాకీ నిలబెట్టి, కుళ్లిన ముక్క కోసి, రెండు పక్కలా ఇనుప ఛానళ్లు బోల్టులతో బిగించవచ్చు. ఛానల్ సైజు మాత్రం ఇంజనీరు లెక్క కట్టాలి, వెల్డింగ్ షాపు వాడు కాదు. దూలం వంగిందా అన్నది కళ్లతో తేల్చకండి. కొసల మధ్య పురికొస బిగించి కట్టి నడుమ ఎడం కొలవండి. 12 అడుగుల దూలం నడుమ అంగుళం దాటి కిందికి వంగితే ఇంజనీరు చూడాల్సిందే.

చెదలు పట్టిందో లేదో మట్టి గొట్టాలు చెబుతాయి. సన్నటి పిండి రాలుతుంటే అది చెదలు కాదు, పుచ్చు పురుగు. రెంటికీ మందు వేరు. చెదలకు గోడ, నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం చొప్పున వేసి క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ మందు ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి పోస్తారు. నుయ్యి దగ్గరగా ఉంటే ఆ వైపు ఈ మందు జోలికే వెళ్లకండి.

గోడల విషయంలో జరిగే నష్టం ఎక్కువగా సిమెంటు వల్లే. ఇటుకకు సున్నం వాడిన 18 అంగుళాల గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది, గాలికి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగు చేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఇంకా పైకెక్కి దూలం కొసలను కూడా తడిపేస్తుంది. రెండేళ్లలో ఉప్పు పొంగి ప్లాస్టరింగు పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. నేల మీద మెరిసే టైల్స్ పరిచినా ఇంచుమించు ఇదే సంగతి. నేలలోంచి లేవాల్సిన చెమ్మ గోడలకు మళ్లుతుంది. పైగా టైలు, దాని కింది సిమెంటు కలిసి రెండు అంగుళాలు లేస్తే గడపలు మునిగిపోతాయి, తలుపులన్నీ కింద కోయించాలి. పాత నాపరాళ్లు లేపి, కింద ఇసుక సర్ది మళ్లీ పరిపించుకోవడమే మేలు. గోడకు ఒక వంతు సున్నం, మూడు వంతుల ఇసుకతో గానుగ సున్నం పూత వేయించండి. తెలిసిన మేస్త్రులు కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా కలుపుతారు. పూత మీద వారం, పది రోజులు నీళ్లు చిలకరిస్తూ ఉండాలి.

పగుళ్లు చూసి భయపడటం ఎంత తప్పో, పట్టించుకోకపోవడమూ అంతే. నల్లరేగడి నేలలో వేసవికి నేల ఎండి పగులు విచ్చుకోవడం, వానలకు మూసుకోవడం మామూలే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా వెళ్లే పగులు పునాది ఒక పక్క కుంగిందని చెబుతుంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ అతికించి దాని మీద తేదీ రాయండి. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక కూడా గాజు విరగకపోతే ఆ గోడ నిలకడగా ఉందనుకోవచ్చు. విరిగిందంటే ఆ గోడకు ఆనించి కొత్త పని ఏదీ పెట్టుకోవద్దు.

ఇప్పుడు కొలతలు. ప్రతి గదికీ నాలుగు గోడలతో పాటు ఎదురెదురు మూలల మధ్య రెండు దూరాలూ కొలవాలి. అవి సమానంగా రాకపోతే గది వంకరగా ఉందన్నమాట. పాత ఇళ్లలో నాలుగైదు అంగుళాల తేడా రావడం వింతేం కాదు. ఇది తెలియకుండా ఆర్డరిచ్చిన బీరువా మూలలో ఇమడదు. గోడల మందం కూడా కాగితం మీద వేయండి. అడుగుకొక గడి చాలు. వీధి గడప మట్టం, మండువా మట్టం, పెరటి మట్టం నీళ్ల గొట్టంతో చూసి రాసుకోండి. ఈ మూడు అంకెలు లేకుండా పైపుల ప్లాను వేయించడం దండగ.

గదులు పంచేటప్పుడు తడి గదులతో మొదలెట్టాలి. బాత్‌రూమ్‌ను ఇంటి నడుమ గదిలో పెట్టొద్దు. నాలుగు పక్కలా సున్నపు గోడలే ఉంటాయి, చెమ్మ వెళ్లడానికి దారి ఉండదు. పెరటి వసారా చివర, తన పునాది మీద తాను నిలబడే కొత్త గదిగా కట్టించండి. 5×7 అడుగులు సరిపోతాయి. కొత్త గోడను పాత గోడలోకి పళ్లు పెట్టి కట్టొద్దు. కొత్త పునాది కుంగే తీరు వేరు కాబట్టి ఆ కీలు దగ్గరే చీలుతుంది. రెండు అంగుళాలు ఎడం వదిలి, పైన రేకుతో కప్పితే చాలు. ఇలాంటి ఇళ్లకు అరుగు ఎత్తు రెండు, మూడు అడుగులు ఉండటం పెద్ద వరం. లోపల నేల తవ్వకుండానే 4 అంగుళాల పైపు బయటికి దిగుతుంది. అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వాలి. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత నూతికి కనీసం 60 అడుగుల దూరం ఉండాలి. అంత జాగా లేకపోతే ఆ నుయ్యి నీళ్లు తాగడం మానాల్సిందే. అయిదుగురికి 5 అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, మూడున్నర అడుగుల నీటి లోతు ఉన్న ట్యాంకు చాలు.

వంటిల్లు ఉన్నచోటే ఉంచండి. ఎక్కువ ఇళ్లలో అది ఆగ్నేయంలోనే ఉంటుంది, వాస్తు చూసేవాళ్లకూ అడ్డు చెప్పడానికి ఏమీ ఉండదు. సింకు మాత్రం బయటి గోడకు రావాలి. గట్టు ఎత్తు 33 అంగుళాలు, వెడల్పు 2 అడుగులు.

కిటికీ లేని చీకటి గదులు ధాన్యానికీ, పెట్టెలకూ కట్టినవి. వాటిని పడకగదులు చేయొద్దు. బట్టల గదో, పూజగదో చేసుకోండి. కిటికీ పెడదామంటే 18 అంగుళాల గోడలో కన్నం పొడవడం అనుకున్నంత తేలిక కాదు. పైన దూలం ఆనిన చోట అసలు చేయకూడదు. వెలుగు కావాలంటే ఉత్తరపు వాలులో రెండు గాజు పెంకులు వేస్తే చాలు. దక్షిణపు వాలులో వేస్తే గది పెనంలా కాలుతుంది. పడకలు వీధి వైపు గదుల్లో వేసుకోండి. ఏసీ పెట్టాలంటే పెంకు కింద ఫాల్స్ సీలింగు బిగించక తప్పదు. అందులో 2×2 అడుగుల మూత వదలండి, లేకపోతే కారినా, ఎలుక చచ్చినా ఎక్కి చూసే దారి ఉండదు. తలుపులు అయిదున్నర అడుగులే ఉన్నాయని ద్వారబంధాలు పీకించకండి. పైన గోడ బరువు వాటి మీదే ఉంటుంది, తల వంచడం అలవాటైపోతుంది.

మండువాను ఫైబర్ రేకుతో మూసేయడం చాలా చోట్ల చూస్తాం. వేడిగాలి పైకి పోయే దారే అది. కప్పాలనుకుంటే చుట్టూ ఉన్న కప్పు కంటే అడుగున్నర ఎత్తులో, నాలుగు పక్కలా గాలి ఆడేలా వేయాలి. తెరిచి ఉంచితే లెక్క ఇది: 1000 చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్ల నీళ్లు. లోపలి వాలులు ఎంత వైశాల్యమో కొలిచి ఈ లెక్కన చూసుకోండి. బయటికి వెళ్లే గొట్టం 4 అంగుళాలకు తగ్గకూడదు, తుపాను ఊళ్లలో 6 పెట్టండి, మధ్యలో చెయ్యి పెట్టి ఆకులు తీసేందుకు చిన్న తొట్టి కట్టించండి. ఆ నీళ్లు ఎవరి జాగాలోకి పోతున్నాయో కూడా చూడాలి. చూరు నీళ్లు పక్కింటి వాళ్ల స్థలంలో పడుతుంటే ప్లాను వేయకముందే వాళ్లతో మాట్లాడుకోండి, పని సగంలో ఉండగా కాదు.

చెక్క బద్దల మీది పాత వైరింగు మొత్తం తీసేయాల్సిందే. అందులో ఎర్తు ఉండకపోవచ్చు. లైట్లకు 1.5, పెద్ద సాకెట్లకు 2.5, ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి). వాసాల వెంట వెళ్లే తీగ గొట్టంలోనే వెళ్లాలి, ఎలుకలు కొరుకుతాయి.

పని వరుస ఇలా పెట్టుకోండి: ఫిబ్రవరిలో కప్పు, ఆ వెంటనే దూలాల కొసలు, చెదల మందు, వేసవిలో పైపులు, వైరింగు. గోడల పూత, నేల, అలమరాలు వానలు వెళ్లి గాజు పట్టీలు చూసుకున్నాకే. ఈ లోగా పెరటి వసారాలో ఒక గ్యాసు పొయ్యి, ఒక మంచం వేసుకుంటే ఇంట్లో ఉంటూనే ఏ గోడ తడుస్తుందో చూడవచ్చు.