108కి ఫోన్ చేసి అడ్రస్ ఎలా చెప్పాలి?

గుండెనొప్పి, యాక్సిడెంట్, పురిటి నొప్పులు, పాముకాటు, ఏదైనా సరే 108. మంటలంటుకుంటే 101, పోలీసులు కావాలంటే 100. ఏదీ గుర్తుకు రాకపోతే 112 కొట్టండి, అవసరాన్ని బట్టి వాళ్లే కలుపుతారు. 108 అంబులెన్స్‌కి డబ్బులు కట్టక్కర్లేదు.

ఫోన్ మాత్రం పేషెంట్ పక్కనున్నవాళ్లే చేయాలి. ఎక్కడో ఉన్న తమ్ముడికి చెప్పి "నువ్వు 108కి చెయ్యరా" అంటే, ఊపిరి ఆడుతోందా, స్పృహలో ఉన్నారా అని అడిగినప్పుడు అతనేం చెబుతాడు?

ఇక అడ్రస్. అందరూ తప్పు చేసేది ఇక్కడే. "రామాలయం పక్కన, తొందరగా రండి" అని పెట్టేస్తారు. రామాలయం లేని ఊరేది? ఫోన్ ఎత్తేది మీ ఊరివాళ్లు కాదు, రాష్ట్రం నలుమూలల కాల్స్ అందుకునేవాళ్లు. కాబట్టి ముందు జిల్లా, తర్వాత మండలం, ఊరు, ఆ తర్వాతే వీధి. ఈ వరస తప్పకూడదు. కొత్తపల్లులు, రామాపురాలు ఎన్ని లేవు! మండలం చెప్పకపోతే ఏ రామాపురమో తేల్చుకోవడానికే టైం పోతుంది.

గుర్తు కూడా కొత్తవాళ్ల కంటికి రాత్రిపూట ఆనేదై ఉండాలి. "ప్రెసిడెంటు గారి ఇల్లు" పనికిరాదు. వాటర్ ట్యాంకు, పెట్రోల్ బంకు, స్కూలు చెప్పండి. హైవే మీదైతే కిలోమీటరు రాయి మీద అంకె చదవండి, ఎటు వెళ్లే వైపో చెప్పండి. "సూర్యాపేట దాటాక, విజయవాడ వెళ్లే వైపు" అనాలి. ఆ వైపు చెప్పకపోతే బండి డివైడర్‌కి అవతల ఆగి, యూటర్న్ కోసం ఎంతో దూరం పోవాల్సి వస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే బ్లాకు, అంతస్తు, లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో కూడా చెప్పండి. వాట్సాప్ లొకేషన్‌ని నమ్ముకోకండి. సిగ్నల్ సరిగా లేకపోతే అది పక్క వీధిని చూపిస్తుంది. నోటితో చెప్పడమే పద్ధతి.

వాళ్లు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టేయకండి. పెట్టాక బంధువులకు చేయడం మొదలుపెట్టకండి. దారి అడగడానికి బండి నడిపే పైలట్ ఆ నంబరుకే చేస్తాడు.

ఈలోగా ఆటో ఎక్కించేద్దామని టెన్షన్ పడతారు. బండి బయలుదేరిందంటే ఆగండి. అందులో ఆక్సిజన్ ఉంటుంది, ఈఎంటీ, అంటే అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటారు, చికిత్స దారిలోనే మొదలవుతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సర్వీసు మొదలుపెట్టింది అందుకే.

రోడ్డు మీద పడింది ముక్కూమొహం తెలియని మనిషైనా వెనకాడకండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన సెక్షన్ 134ఏ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది.

ఒకరిని సెల్ లైటుతో వీధి మొగదలకు పంపండి. సందులో అడ్డంగా ఉన్న బైకులు తీయించండి, కుక్కను కట్టేయండి.