పెల్లెట్ పక్కకు పోతే తప్పు స్కోప్‌దేనా?

నల్గొండ, పాలమూరు వైపు ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లు చాలామంది మొదట ఐదారు వేల స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగిస్తారు. గురి కుదరకపోతే "చీప్ మాల్ అన్నా, మంచిది చూడు" అంటూ లక్షల్లో ఉండే ష్మిట్ అండ్ బెండర్, నైట్‌ఫోర్స్ ధరలు అడగడం మొదలుపెడతారు. నేను చూసినంతలో ఆ ఫిర్యాదుల్లో చాలావాటికి అద్దంతో సంబంధం ఉండదు. అందుకే డబ్బు తీసే ముందు లక్షణాన్ని బట్టి కారణం వెతకండి. 25 నుంచి 50 మీటర్ల దూరంలో ఎయిర్ రైఫిల్ కాల్చేవాళ్ల కోసం ఇది. లైసెన్స్‌తో క్లబ్‌లో .22 తూటా రైఫిల్ కాల్చేవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

ముందే ఒక జాగ్రత్త. మన దగ్గర ఎటు చూసినా బండలే కాబట్టి టార్గెట్‌ను బండకు ఆనించి పెట్టడం అలవాటు. పెల్లెట్ బండను తాకి ఎటు ఎగురుతుందో చెప్పలేం. వెనక మెత్తటి మట్టికట్ట ఉండాలి. ఇక పిట్టల మీదికి, కుందేళ్ల మీదికి గురిపెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. ఆ సరదా వద్దు.

నిన్న కుదిరిన జీరో ఇవాళ లేదు

జీరో అంటే గురి పెట్టినచోటే పెల్లెట్ పడేలా స్కోప్‌ను సర్దడం. ఎక్కువమందిని ఏడిపించేది అది నిలవకపోవడమే. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికి చేరి ఆగగానే రైఫిల్ మళ్లీ ముందుకు కుదుపుతుంది. ఈ రెండు దెబ్బలకు స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంట్ మెల్లగా వెనక్కి జారుతుంది. మౌంట్ వెనక అంచు దగ్గర రైలు (మౌంట్ బిగించే గాడి పట్టీ) మీద మార్కర్‌తో సన్న గీత గీయండి, మౌంట్ రింగుల అంచు దగ్గర స్కోప్ ట్యూబ్ మీద ఇంకోటి. ఇరవై ముప్పై షాట్లు కొట్టి చూడండి. గీత దగ్గర సందు కనబడితే దొంగ దొరికినట్టే. మౌంట్ విప్పి, గాడిలోని నూనెను స్పిరిట్‌తో తుడవండి. జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉన్న మౌంట్ వేయండి. రింగు స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే చాలు. బలం ఉంది కదా అని తిప్పితే ట్యూబ్ నొక్కుకుపోతుంది, అప్పుడు స్కోప్ నిజంగానే చెడిపోతుంది.

గీత కదల్లేదా? ఎలివేషన్ టరెట్‌ను (గురిని పైకీ కిందికీ జరిపే నాబ్) పూర్తిగా కిందికి తిప్పి, అక్కడి నుంచి పై చివరిదాకా మొత్తం ఎన్ని క్లిక్‌లో లెక్కపెట్టండి. మీ జీరో దాదాపు పై చివర ఉంటే కారణం అదే. బ్యారెల్ వంచి లోడ్ చేసే రైఫిళ్లలో బ్యారెల్ కొంచెం కిందికి చూస్తూ ఉండటం మామూలే. దాన్ని సరిచేయడానికి మనం టరెట్‌ను పైపైకి తిప్పుతూ పోతాం. అలా తిప్పినకొద్దీ స్కోప్ లోపలి ట్యూబ్‌ను ఎదురు నుంచి నొక్కి పట్టే స్ప్రింగ్ వదులవుతుంది. వదులైన స్ప్రింగ్ షాట్ షాట్‌కూ ఒక్కోచోట కూర్చుంటుంది. వెనక భాగం ఎత్తుగా ఉండే వాలు మౌంట్ తెచ్చుకుని, టరెట్‌ను మధ్యకు తెచ్చి మళ్లీ జీరో చేయండి. ఈ జబ్బుకు రెండు లక్షల స్కోప్ మందు కాదు. పైగా ముందు కుదుపును తట్టుకుంటుందని తయారీదారు చెప్పని ఖరీదైన స్కోప్ కూడా స్ప్రింగ్ రైఫిల్ మీద పాడవ్వొచ్చు. పీసీపీ (ముందే నింపిన గాలితో కాల్చే) రైఫిల్ వాళ్లకు ఈ తంటా లేదు, దాని కుదుపు నామమాత్రం.

ఇవన్నీ చూశాక కూడా అలాగే ఉంటే స్కోప్ తీసేసి, రైఫిల్ మీది మామూలు సైట్లతో కాల్చండి. షాట్లు దగ్గర దగ్గరగా ఒక గుంపుగా పడితే అనుమానం స్కోప్ మీద. పడకపోతే పెల్లెట్ బ్రాండ్ మార్చి చూడండి. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకి స్కోప్ పెట్టనివ్వరు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది చిన్న రంధ్రాల పీప్ సైట్‌తోనే.

పది క్లిక్‌లు తిప్పితే ఏడే కదిలినట్టుంది

ఇక్కడ మాత్రం ధర మాట్లాడుతుంది. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్ 100 మీటర్ల దగ్గర సుమారు 7.3 మిల్లీమీటర్లు, 25 మీటర్ల దగ్గర 1.8. 25 మీటర్ల నుంచి ఒకే చుక్కకు గురిపెట్టి కాల్చుతూ 20 క్లిక్‌లు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ వెళ్లండి. ఒక్కో భుజం దాదాపు 36 మిల్లీమీటర్లతో చతురస్రం రావాలి, చివరి షాట్లు మొదటి వాటి మీదే పడాలి.

భుజం 33 వచ్చినా చతురస్రం మూసుకుంటే ఆ స్కోప్‌ను పారేయకండి. తప్పు ప్రతిసారీ ఒకేలా ఉంటే దాన్ని లెక్కలో కలుపుకోవచ్చు. మీ క్లిక్ అసలు విలువ కాగితం మీద రాసి రైఫిల్ స్టాక్‌కు (భుజానికి ఆనించే భాగం) అంటించుకోండి, అంతే. చతురస్రం మూసుకోకపోతే మాత్రం మందు లేదు. కావలసిన అంకెను దాటి తిప్పి వెనక్కి రావడం కొంత పనిచేస్తుంది గానీ నమ్మకం ఉండదు. దూరం మారినప్పుడల్లా టరెట్ తిప్పేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఇందుకే. ఒక్కసారి జీరో చేసి, తర్వాత రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) గీతలతో ఎత్తి పట్టి కొట్టేవాళ్లకు అంత ఖర్చు దండగ. కానీ చవక స్కోప్‌లలో చాలావరకు గీతల లెక్క ఒకే మాగ్నిఫికేషన్ దగ్గర సరిపోతుంది, సాధారణంగా గరిష్ఠం దగ్గర. 16 రెట్ల మీద నేర్చుకున్న గీత 8 రెట్ల మీద పనికిరాదు.

పొద్దున పది గంటలు దాటితే టార్గెట్ వణుకుతోంది

అది ఎండ. మే నెలలో నల్గొండ లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు మిట్టమధ్యాహ్నం ఏ బైనాక్యులర్‌తో చూసినా బండలు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. వేడెక్కిన నేల మీది గాలి వెలుగును వంచుతుంది. చిన్న గాలి వీస్తే టార్గెట్ బొమ్మ కూడా అటే జరిగినట్టు కనిపిస్తుంది. ప్రీమియం అద్దం ఈ వణుకును తీసేయదు, ఇంకా స్పష్టంగా చూపిస్తుంది! మాగ్నిఫికేషన్ 16 నుంచి 8కి దించండి. టార్గెట్‌ను నేలకు ఎత్తుగా కట్టండి. తెల్లారగానే పని ముగించుకోండి. సాయంత్రం అనుకుంటే బండలు చీకటి పడ్డాక కూడా వేడి కక్కుతూనే ఉంటాయి, అందుకే నా ఓటు పొద్దుటికే.

తల కదిపితే క్రాస్‌హెయిర్ కదులుతోంది

దీన్ని పారలాక్స్ అంటారు, టార్గెట్ బొమ్మ, క్రాస్‌హెయిర్ స్కోప్ లోపల ఒకే తలంలో లేకపోవడం. చవక స్కోప్‌లలో చాలావాటిని ఫ్యాక్టరీలోనే 100 గజాలకు బిగించేస్తారు, మనం కొట్టేది 25 మీటర్లు. ముందు అద్దం దగ్గరి రింగుతో గానీ పక్క నాబ్‌తో గానీ దూరం సర్దుకునే స్కోప్ తీసుకోండి. అలాంటివి మధ్యతరగతి ధరలోనే దొరుకుతాయి. ఉన్నదానితో గడపాలంటే చెంపను ప్రతిసారీ స్టాక్ మీద ఒకేచోట ఆనించండి.

పొద్దుగూకగానే మసక

ముందు అద్దం 40 మిల్లీమీటర్లు, మాగ్నిఫికేషన్ 16 అయితే కంటికి వచ్చే వెలుగు కడ్డీ మందం 2.5 మిల్లీమీటర్లే. మాగ్నిఫికేషన్ 6కి దించితే ఆ మందం 6 మిల్లీమీటర్లు దాటుతుంది. ఇది చేశాక కూడా చాలకపోతే అప్పుడు మంచి కోటింగ్ ఉన్న అద్దం గురించి ఆలోచించండి.

వానాకాలం లోపల ఆవిరి

ఏసీ కారులోంచి తీయగానే బయటి అద్దం మీద పట్టే ఆవిరి కాసేపటికి పోతుంది. లోపల పడితే మాత్రం రబ్బరు రింగు దెబ్బతిని, నింపిన నైట్రోజన్ పోయి తేమ చేరినట్టు. ఇంట్లో విప్పితే వారంటీ కూడా పోతుంది. బిల్లు వెతికి సర్వీస్‌కు పంపండి.