ఫ్రిజ్ కొనేటప్పుడు చూడవలసిన అంకె

ఫ్రిజ్ ఎంచుకునేటప్పుడు చాలామంది లేబుల్‌పై ఉన్న రేటింగును మాత్రమే చూస్తారు కానీ, ఆ రేటింగును సాధారణంగా ఫ్రిజ్ పరిమాణాన్నీ రకాన్నీ లెక్కలోకి తీసుకుని ఇస్తారు కనుక, మంచి రేటింగున్న పెద్ద ఫ్రిజ్ ఓ మోస్తరు రేటింగున్న చిన్నదానికంటే ఎక్కువ విద్యుత్తును వాడవచ్చు. అందువల్ల ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో తెలిపే అంకెను పోల్చి చూడటం మేలు. ఏడాదికి 200 యూనిట్లు వాడేదానికీ 300 వాడేదానికీ మధ్య తేడా పదేళ్లలో 1,000 యూనిట్లవుతుంది. ధరలోని వ్యత్యాసాన్ని దానితో బేరీజు వేసుకోవాలి. అవసరాన్ని బట్టి వేగాన్ని మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ ఉంటే ఇంకా మంచిది. తలుపుకు అమర్చిన చల్లనీళ్ల కుళాయి, ఐస్ తయారుచేసే యంత్రం వంటి హంగులు కూడా కరెంటు ఖర్చును పెంచుతాయి (అవి లేకపోయినా లోటేమీ ఉండదని నా అభిప్రాయం).