కళ్ళంలో పాము, గట్టు మీద తాబేలు కనబడితే ఏం చేయాలి?

మా పర్లాకిమిడి చుట్టుపక్కల వరికోతలు మొదలైతే కళ్ళాల్లో కర్రలు సిద్ధమైపోతాయి. కుప్ప కదిపితే ఎలుక, ఎలుక వెనకాలే పాము. ఆ కర్రలకి ఎక్కువగా బలయ్యేది జెర్రిపోతు. దానికి విషం లేదు, పైగా మన గింజలు తినే ఎలుకల్ని తింటుంది.

ముందు నాలుగు బారలు వెనక్కి జరగండి. పిల్లల్ని, కుక్కల్ని దూరంగా పంపండి. దారి వదిలితే చాలాసార్లు పామే వెళ్ళిపోతుంది.

తర్వాత దూరం నుంచే పోల్చుకోండి. జెర్రిపోతుకి పడగ ఉండదు, కళ్ళు పెద్దవి, పెదవుల మీద నల్లటి గీతలు. అది నాగుపాములో మగదని మా పెద్దలు ఇప్పటికీ అంటారు. కాదు, రెండూ వేరు జాతులు. రక్తపింజరికి వీపంతా గొలుసులాంటి మచ్చలు, ఆవిరి వదిలినట్టు బుస. కట్లపాము నల్లగా, సన్నటి తెల్ల కట్లతో ఉంటుంది. విషం లేకుండా కట్లున్న పాములూ ఉన్నాయి కాబట్టి అనుమానమొస్తే విషపామనే అనుకోండి. పట్టుకునే పని అటవీ శాఖకి వదిలేయండి.

కళ్ళం కాపలాకి వెళ్ళేవాళ్ళు మంచం, దోమతెర, టార్చి తీసుకెళ్ళాలి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, చీమేదో కుట్టిందనుకుంటారు. తెల్లారేసరికి కళ్ళ రెప్పలు వాలిపోతాయి.

పురుగు ముట్టిందని తెలిస్తే మంత్రం, తాడు, బ్లేడు మూడూ వద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పాముని చంపి పట్టుకెళ్ళక్కర్లేదు. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే.

తాబేలు దగ్గర మాత్రం జాలిపడి చంపుతాం. గట్టు మీద కనబడగానే, పాపం నీళ్ళు లేక వచ్చిందని చెరువులోకి విసురుతాం. ముందు కాళ్ళు చూడండి. వేళ్ళ మధ్య పొర, చదునైన డిప్ప ఉంటే నీటి తాబేలు. డిప్ప బోర్లించిన మూకుడులా, కాళ్ళు ఏనుగు కాళ్ళలా ఉంటే మెట్ట తాబేలు, నీళ్ళలో వేస్తే మునిగి చస్తుంది. శ్రీకూర్మం గుళ్ళో మనం చూసే నక్షత్ర తాబేళ్ళు ఈ రకమే. రోడ్డు మధ్యలో ఉంటే అది వెళ్తున్న వైపుకే దాటించండి. వెనక్కి పెడితే మళ్ళీ రోడ్డెక్కుతుంది.

నీటి తాబేలు నత్తల్ని, చచ్చిన చేపల్ని తిని చెరువు శుభ్రం చేస్తుంది. చెరువు ఎండితే బురదలో దూరి వానల కోసం ఆగుతుంది, అందుకే పూడిక తీసేటప్పుడు పార చూసి వేయాలి.

అదృష్టమని ఇంట్లో పెంచితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే భయపడి చీకట్లో ఎక్కడో వదిలేయకండి, దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసులో అప్పగించండి.