మరణ నమోదు ఫారంలో సొంత ఊరి పేరు ఎలా రాయించాలి?

మా పెదనాన్న కాకినాడలో ఒక ఆసుపత్రిలో పోయారు. కౌంటర్లో "అడ్రస్ చెప్పండి" అనగానే మా అన్నయ్య ఏడుపు దిగమింగుకుంటూ తాను అద్దెకుంటున్న కాకినాడ ఇంటి నంబరు చెప్పేశాడు. వైద్యం కోసం పెదనాన్న అక్కడున్నది 19 రోజులు. అంతకుముందు 71 ఏళ్లూ రాజోలు పక్కన మా ఊళ్లోనే. ఫారం నా చేతికొచ్చేసరికి నివాసం ఏ ఊరు అన్న గడిలో కాకినాడ అని ఉంది. కొట్టేయించి మా ఊరి పేరు రాయించాను. మీ ఇంట్లో అలాంటి రోజు వస్తే ఏం చూసుకోవాలో చెబుతాను.

1. ఎక్కడ నమోదు చేయించాలి?

ప్రాణం పోయిన చోటే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్పేది అదే. ఇంట్లో పోతే ఇంటి పెద్ద వెళ్లి పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి, ఊరు మున్సిపాలిటీ అయితే అక్కడి రిజిస్ట్రారుకు. ఆసుపత్రిలో పోతే ఆ బాధ్యత ఆసుపత్రిదే. దారిలో, బండిలో పోతే బండి మొదట ఆగిన చోట. ఎదుర్లంక వంతెన దాటించి యానాంలో చేర్చిన మనిషి అక్కడే పోతే నమోదు పుదుచ్చేరి లెక్కలోకి వెళ్తుంది, ఆయన పుట్టి పెరిగింది కోనసీమే అయినా సరే.

2. 21 రోజులు దాటనివ్వకండి

మనవాళ్లు "పెద్దకార్యం అయ్యాక చూద్దాంలే" అంటారు. అప్పటికే సగం గడువు పోతుంది. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుము కట్టాలి. ఆపైన ఏడాదిలోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తేవాలి.

3. ఫారంలో రెండో భాగం చదవండి

అసలు సంగతి ఇక్కడే ఉంది. మరణ నివేదిక ఫారానికి రెండు భాగాలు. మొదటిది చట్టపరమైనది: పేరు, తేదీ, చిరునామాలు, మరణించిన చోటు. ధ్రువపత్రం దీన్నుంచే వస్తుంది. రెండోది గణాంకాల భాగం. చనిపోయినవారు నిజంగా కాపురమున్న ఊరు, వృత్తి, అందిన వైద్యం, జబ్బు, పొగాకు, మద్యం అలవాట్లు అందులో ఉంటాయి. నివాసం అడిగే గడిలో ఇంటి నంబరు అక్కర్లేదు. ఊరు లేదా పట్టణం పేరు, జిల్లా, రాష్ట్రం చాలు. మరణించిన ఊరు, నివాసమున్న ఊరు వేరైనా తప్పేమీ లేదు, వేరుగా ఉండొచ్చనే ఆ గడి పెట్టారు.

ఈ గడి ధ్రువపత్రం మీద కనబడదు. అందుకే తప్పు పడినా ఇంట్లో ఎవరికీ తెలియదు. బ్యాంకులో పని అవుతుంది, బీమా వస్తుంది, లెక్క మాత్రం పక్క ఊరికి పోతుంది.

పోతే ఏమవుతుంది? 4,000 మంది ఉన్న ఊళ్లో ఏడాదికి 30 మంది పోయారనుకోండి. మరణాల రేటు వెయ్యికి 7.5. అందులో 12 మంది పెద్దాసుపత్రుల్లో పోయి, నివాసం కూడా పట్నమే అని రాస్తే ఊరి లెక్క 18కి, రేటు 4.5కి పడిపోతుంది. కోతల్లో పాము కాటుకు పోయినవాడూ, కిడ్నీ జబ్బుతో పోయిన ఆవిడా పట్నం ఖాతాలో చేరతారు. మా ఊరు ఆరోగ్యంగా ఉన్నట్టు కాగితం అబద్ధం చెబుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

4. జిల్లా పేరు సరిచూసుకోండి

2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లాలు మారాయి. అమలాపురం మనిషి కాకినాడలో పోతే, అంతకుముందు రెండూ తూర్పు గోదావరే. ఇప్పుడు నివాసం కోనసీమ, మరణం కాకినాడ జిల్లా. పాత ఆధార్ చూసి పాత జిల్లా రాసేస్తారు. భీమవరం వైపు వాళ్లకు ఏలూరు జిల్లాతో ఇదే చిక్కు.

5. జబ్బు పేరు అడగండి

"గుండె ఆగింది" అన్నది కారణం కాదు, ఎవరికైనా చివరికి జరిగేది అదే. దానికి దారితీసిన జబ్బు రాయాలి. చివరి రోజుల్లో చూసిన డాక్టరు మరణ కారణ పత్రం ఉచితంగా ఇవ్వాలి, ఇంట్లో పోయినా సరే. పరువు పోతుందని దాచేవాళ్లకో మాట: ధ్రువపత్రంలో కారణం రాయకూడదని చట్టంలోనే ఉంది.

6. తప్పు పడితే

పేరులోనో చిరునామాలోనో తప్పుంటే రుజువులతో రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లండి. పాత రాత చెరపరు, పక్కన మార్జిన్‌లో సవరణ రాసి సంతకం చేస్తారు. నివాసం గడి మాత్రం ఆ రోజు కౌంటరు దగ్గరే చూసుకోవాలి. ఇంట్లో కాస్త స్థిమితంగా ఉన్న మనిషిని ఆ పనికి పంపండి, ఏడుస్తున్న కొడుకుని కాదు.