జర్మన్ క్లాసులో ‘డాంకె’ అంటే ‘వద్దు’: భాషతోనే సంస్కృతి నేర్పే పద్ధతి

‘మ్యోష్టెన్ జీ ఐనెన్ కఫే?’ (కాఫీ తీసుకుంటారా?) అని జర్మనీలో ఇంటావిడ అడిగింది. హైదరాబాద్ నుంచి కొత్తగా వెళ్లిన అమ్మాయి నవ్వుతూ ‘డాంకె’ అంది. ‘థాంక్యూ, ఇవ్వండి’ అన్నది తన ఉద్దేశం. ఇంటావిడ కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టేసింది. ఉచ్చారణ బాగుంది, వ్యాకరణంలో తప్పు లేదు, మాట మాత్రం తిరగబడింది. ఏదైనా ఇవ్వబోతున్నప్పుడు జర్మన్‌లో ఒట్టి ‘డాంకె’ అంటే ఎక్కువ సందర్భాల్లో ‘వద్దు’ అనే అర్థం. కావాలనుకుంటే ‘యా, గేర్న్’ అనో ‘యా, బిట్టె’ అనో చెప్పాలి.

తెలుగువాళ్లకు జర్మన్ నేర్పే టీచర్లు సంస్కృతిని ఇలాంటి చోట వెతకాలి. నెలాఖరున ఒక గంట పెట్టి అక్టోబర్‌ఫెస్ట్ ఫొటోలు, కోటల బొమ్మలు చూపిస్తే పిల్లలు సరదా పడతారు కానీ, ఆ కాఫీ మాత్రం వాళ్లకు దక్కదు. సంస్కృతి ప్రతి వాక్యంలోనూ ఉంటుంది. దాన్ని ఆ వాక్యం నేర్పే రోజునే నేర్పాలి.

పాఠంలో చోటు కనిపెట్టడం

పాఠం తయారు చేసుకునేటప్పుడు అందులోని సంభాషణ తీసుకుని మూడు విషయాలు చూడండి. ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు? అదే చోట తెలుగింట్లో ఏమంటారు? ఆ తెలుగు మాటను మాటకు మాటగా జర్మన్‌లో పెడితే ఎదుటివాళ్లకు తప్పుగా తోస్తుందా? మూడోదానికి జవాబు ‘అవును’ అయితే ఆ రోజు సంస్కృతి పాఠం దొరికినట్టే. కాకపోతే వదిలేయండి. ప్రతి పాఠంలోనూ బలవంతంగా ఏదో ఒకటి ఇరికించక్కర్లేదు.

ఒక పాఠానికి ఒక్క అంశం చాలు. 90 నిమిషాల క్లాసులో దానికి 20 నిమిషాలు ఇవ్వండి. అందులో తెలుగులో మాట్లాడేది నాలుగైదు నిమిషాలు దాటకూడదు. చాలా క్లాసుల్లో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. ‘జర్మనీలో అలా ఉంటుంది, ఇలా ఉంటుంది’ అని టీచరు అరగంట తెలుగులోనో ఇంగ్లిషులోనో చెబుతారు. అందరూ ఆసక్తిగా వింటారు, జర్మన్‌లో ఒక్క వాక్యం కూడా పలకరు.

కాఫీ పాఠం, 20 నిమిషాలు

ఏ1, అంటే భాష నేర్చుకోవడంలో మొట్టమొదటి స్థాయిలో, మూడు నాలుగు వారాలకే ఈ పాఠం చేయించవచ్చు. కావాల్సినవి రెండు కప్పులు, ఒక ఫ్లాస్కు, ‘కావాలి’ అని సగం, ‘వద్దు’ అని సగం రాసిన చిన్న కార్డులు.

ముందు తెలుగుతో మొదలుపెట్టండి. ఇద్దరిని పిలిచి ఇంటికొచ్చిన చుట్టానికి టీ ఇచ్చే సన్నివేశం మూడు నిమిషాలు ఆడించండి. ‘టీ తాగుతారా?’ ‘అబ్బే, వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను.’ ‘అదేంటండీ, కొంచెం తీసుకోండి.’ ‘ఎందుకండీ మీకు శ్రమ...’ కప్పు చేతికి వచ్చేలోపు చుట్టం ఎన్నిసార్లు వద్దన్నాడో మిగతావాళ్లు లెక్కపెట్టాలి. ఆ అంకె బోర్డు మీద రాయండి. సాధారణంగా రెండో మూడో వస్తుంది.

తర్వాత జర్మన్ సంభాషణను రెండుసార్లు వినిపించండి. ‘ఎన్నిసార్లు అడిగారు?’ అంటే జవాబు ఒక్కసారే. ఆ అంకెను మొదటి అంకె పక్కన రాయండి. ఇక్కడ వ్యాఖ్యానం చేయకండి, రెండు అంకెలూ అలా పక్కపక్కన ఉండనివ్వండి.

ఇప్పుడు ‘యా, గేర్న్’, ‘యా, బిట్టె’, ‘నైన్, డాంకె’ మూడూ పలికించి జతలుగా కూర్చోబెట్టండి. అతిథి తన కార్డు చూసుకుని, చూపించకుండా జవాబు చెప్పాలి. ఇచ్చేవాళ్లకు ఒక్కటే నియమం: విన్న మాటనే పాటించాలి. ‘డాంకె’ అని వినబడితే కప్పు తీసేయాల్సిందే, ముఖం చూసి జాలిపడకూడదు. ఎనిమిది నిమిషాల్లో ఒక్కో జత ఐదారుసార్లు మార్చి మార్చి ఆడుతుంది. కార్డు మీద ‘కావాలి’ అని ఉండి కప్పు రానివాళ్లు ఆ తప్పు మళ్లీ చేయరు.

మొహమాటం గురించి చివర్లో తెలుగులో మాట్లాడండి. మనకు మొదటిసారి వద్దనడం మర్యాద, మళ్లీ అడగడం ప్రేమ. అక్కడ వద్దన్నవాళ్లను మళ్లీ మళ్లీ అడిగితే వాళ్ల మాటకు విలువ ఇవ్వనట్టు. రెండూ ఎదుటివాళ్ల మీద గౌరవమే, చూపించే తీరు వేరు. క్లాసులో ఎవరో ఒకరు ‘వాళ్లకు ప్రేమాభిమానాలు తక్కువ’ అంటారు. కొట్టిపారేయకుండా, బోర్డు మీదున్న రెండు అంకెలు చూపించి, మన పద్ధతి ఒక జర్మన్ అతిథికి ఎలా అనిపిస్తుందో ఒక్క వాక్యంలో చెప్పమనండి. మధ్యస్థాయి అయిన బీ1కి వచ్చాక ఇదే పాఠాన్ని తిప్పి ఇవ్వవచ్చు: మొహమాటం అంటే ఏమిటో జర్మన్ స్నేహితుడికి ఐదు వాక్యాల్లో రాయమనండి. సరిగ్గా సరిపోయే ఒక్క జర్మన్ మాట దొరకదు కాబట్టి వాళ్లు నిజంగా ఆలోచించి రాయాల్సి వస్తుంది.

నువ్వు, మీరు ఉన్నాయి కదా అని

ఇంగ్లిషువాళ్లకు ‘దు’, ‘జీ’ల తేడా నేర్పడం కష్టం, తెలుగువాళ్లకు సులువు అనుకుంటాం. ‘దు అంటే నువ్వు, జీ అంటే మీరు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. తప్పు మొదలయ్యేది అక్కడే. మన ‘మీరు’ వయసును, హోదాను బట్టి నడుస్తుంది. పెద్దాయన మిమ్మల్ని ‘నువ్వు’ అంటాడు, మీరు ఆయన్ని ‘మీరు’ అంటారు, ఇద్దరికీ అందులో తప్పు కనబడదు. జర్మన్‌లో పెద్దవాళ్ల మధ్య అది రెండువైపులా ఒకేలా ఉంటుంది. చిన్నపిల్లల దగ్గర తప్ప, ఒకరు ‘దు’, మరొకరు ‘జీ’ అనడం మామూలుగా ఉండదు. అక్కడ చూసేది పరిచయం ఎంత దగ్గరిదన్నది. ‘దు అనుకుందాం’ అని ప్రతిపాదించేది సాధారణంగా వయసులోనో ఉద్యోగంలోనో పెద్దవారు. ఒకసారి ‘దు’కి వచ్చాక వెనక్కి వెళ్లడం ఎదుటివాళ్లను దూరం పెట్టినట్టవుతుంది. దేవుణ్ని మాత్రం ఇక్కడా అక్కడా ‘నువ్వు’ అనే పిలుస్తారు. ఈ ఒక్క పోలిక చెబితే విద్యార్థులకు తేడా చప్పున అందుతుంది.

దీనికి అభ్యాసంగా బేకరీలో అమ్మే మనిషి, తోటి విద్యార్థి, ప్రొఫెసర్, పక్కింటి ఎనిమిదేళ్ల పిల్లాడు, కొత్త ఆఫీసులో మేనేజర్ అని రాసిన కార్డులు పంచండి. ఒక్కొక్కరినీ ఎలా పిలుస్తారో, వాళ్లు తిరిగి ఎలా పిలుస్తారో రెండు బాణాలు గీయమనండి. బాణాలు రెండువైపులా గీయిస్తేనే మన అలవాటు బయటపడుతుంది. మేనేజర్ కార్డు దగ్గర ఒకే జవాబు ఒప్పుకోకండి. చాలా కంపెనీల్లో అందరూ ‘దు’ అనుకుంటారు, కొన్నింట్లో అనుకోరు. ‘ముందు జీ తో మొదలుపెట్టి, వాళ్లు ఏమంటారో విని మార్చుకుంటాను’ అన్నదే మంచి జవాబు.

ఆస్పత్రి పనికి వెళ్లేవాళ్లకు ఈ పాఠం ఇంకా లోతుగా చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ లాంటివి నర్సులకు జర్మన్ శిక్షణ ఇప్పించి పంపుతున్నాయి. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ1 పైనున్న బీ2 స్థాయి అడుగుతారు. మన నర్సు ఎనభై ఏళ్ల రోగిని ‘పెద్దమ్మా’, ‘బామ్మగారూ’, ‘తాతా’ అని పిలుస్తుంది. ఆ పిలుపులో గౌరవం, ఆప్యాయత రెండూ ఉన్నాయి. దాన్నే జర్మన్‌లోకి మార్చి ‘ఓమా’ అంటే, ఆ పెద్దావిడకు తనను చిన్నపిల్లలా చూస్తున్నట్టు, తన పేరే లేనట్టు అనిపిస్తుంది. అక్కడ గౌరవం ‘ఫ్రావ్ ష్మిట్’ (ష్మిట్ గారు) అని ఇంటిపేరుతో పిలవడంలోనూ, ‘జీ’లోనూ, తలుపు తట్టి లోపలికి రావడంలోనూ, బట్ట తీసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పడంలోనూ ఉంటుంది. ‘వరసలు పెట్టి పిలవకూడదు’ అని చెప్పి ఊరుకోకండి. ‘మీ ఆప్యాయత ఈ చోట్ల చూపించవచ్చు’ అని ఈ నాలుగూ చూపించండి. లేకపోతే నేర్చుకునేవాళ్లు మనసులో ముడుచుకుపోతారు.

అర్థం కాకపోయినా పెద్ద డాక్టరు ముందు తలూపడం కూడా ఇలాంటిదే. మన తల ఊపు అవునో కాదో అక్కడివాళ్లకు తెలియదు, మందు మోతాదు దగ్గర అది ప్రమాదం. ‘దాస్ హాబె ఇష్ నిష్ట్ ఫెర్‌ష్టాండెన్’, అంటే నాకు అర్థం కాలేదు అన్న వాక్యాన్ని మొదటి నెలలోనే నోటికి పట్టించండి. క్లాసులో మీరే కావాలని గొణుగుతూ ఒక సూచన ఇవ్వండి. ఆ వాక్యం అన్నవాళ్లను మెచ్చుకోండి.

పేరు, గంట

ఏ1లో పేరు చెప్పడం మొదటి పాఠం. తెలుగువాళ్లకు అదే చిక్కైన పాఠం కూడా. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగానే మిగిలిపోతుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి అందులో తండ్రి పేరు ఉంటుంది. జర్మన్ ఫారంలో ‘ఫోర్‌నామె’ (సొంత పేరు), ‘ఫమీలియెన్‌నామె’ (ఇంటిపేరు) అని రెండు గడులు ఉంటాయి. జర్మనీలో కొత్త ఇంట్లోకి మారిన 2 వారాల్లోపు చిరునామా నమోదు చేసుకోవాలి. కాలింగ్ బెల్ మీద, పోస్టు డబ్బా మీద ఉండేది ఇంటిపేరే. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం రాకపోవచ్చు. అందుకని ఒక నమోదు ఫారం కాపీలు తీసి, ప్రతి ఒక్కరూ పాస్‌పోర్టు చూసి అందులో ఉన్నట్టే నింపేలా చేయించండి.

ఫోనులో పేరు అక్షరాలుగా చెప్పడం కూడా అదే రోజు చేయించాలి. ఇంగ్లిషు ‘వి’ అక్షరాన్ని అక్కడ ‘ఫావ్’ అంటారు, చాలా జర్మన్ మాటల్లో దాని ధ్వని ‘ఫ’. వేములపల్లి వాళ్లు ‘ఫేములపల్లి’ అయిపోవచ్చు. జ్యోతిలోని ‘జే’ని ‘య’ అని చదువుతారు. ‘ఫావ్ వీ వీక్టోర్’ (వీక్టోర్‌లోని ఫావ్) అంటూ గుర్తుమాటలతో చెప్పడం నేర్పండి. ఈ గుర్తుమాటలకు 2022లో వచ్చిన కొత్త ప్రమాణంలో ఆఖెన్, బెర్లిన్ వంటి ఊళ్ల పేర్లు పెట్టారు, కానీ ఆంటోన్, బెర్టా వంటి పాత పేర్లే ఇంకా ఎక్కువగా వినబడతాయి. వినేటప్పుడు రెండూ గుర్తుపట్టగలిగితే చాలు.

గంట చెప్పే పాఠంలో ‘హాల్ప్ డ్రై’ దగ్గర ఆగండి. ‘హాల్ప్’ అంటే అర, ‘డ్రై’ అంటే మూడు. మనవాళ్లు దాన్ని వెంటనే మూడున్నర అనుకుంటారు. అది రెండున్నర. మూడో గంటలో సగం నడిచిందని లెక్క. డాక్టరు అపాయింట్‌మెంటుకు గంట ఆలస్యంగా వెళితే మళ్లీ వారాలు ఆగాల్సి రావచ్చు. కాబట్టి గడియారం బొమ్మతో పాటే, ఆలస్యమవుతుందని ఫోన్ చేసి చెప్పే రెండు వాక్యాలు కూడా నేర్పండి.

‘జర్మన్లందరూ ఇంతే’ అనిపించకుండా

సమయపాలన మాట వచ్చిందంటే క్లాసు వెంటనే ‘జర్మన్లు గడియారంలా ఉంటారు’ అంటుంది. ఆ రోజే రెండు విషయాలు చూపించండి. యూనివర్సిటీ టైంటేబుల్లో ‘10 సె.టే.’ (c.t., అంటే పావుగంట వెసులుబాటు) అని ఉంటే ఉపన్యాసం 10:15కి మొదలవుతుంది. 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయానికి వచ్చినట్టే లెక్కేసినా, 2024లో జర్మన్ రైల్వే సంస్థ డాయిచె బాన్ దూరప్రయాణ రైళ్లలో సమయానికి చేరినవి సుమారు 62.5 శాతమే. నియమం చెప్పిన రోజే ఇలాంటి ఎదురు ఉదాహరణ ఒకటి పెడితే మూస అభిప్రాయం గట్టిపడదు.

జర్మన్ అంటే జర్మనీ ఒక్కటే కాదని కూడా అక్కడక్కడ గుర్తుచేయండి. ఆస్ట్రియాలో జనవరిని ‘యెనర్’ అంటారు, స్విట్జర్లాండ్‌లో ‘గ్ర్యూయెట్సి’ అని పలకరిస్తారు. ఏ1లో గుర్తుపడితే చాలు, పలకక్కర్లేదు.

పాత పుస్తకాలు వాడేటప్పుడు జాగ్రత్త. కొన్నింట్లో పెళ్లికాని అమ్మాయిని ‘ఫ్రొయిలైన్’ అని పిలిచే సంభాషణలు ఇప్పటికీ కనబడతాయి. పశ్చిమ జర్మనీ ప్రభుత్వ కార్యాలయాలు 1972లోనే ఆ మాట మానేశాయి. ఇప్పుడు పెళ్లయినా కాకపోయినా ‘ఫ్రావ్’ అనే అంటారు.

పరీక్ష ఎలా పెట్టాలి

‘జర్మనీలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసా తిరిగి ఇస్తే ఎంత వస్తుంది?’ అని అడిగి, 25 సెంట్లని రాస్తే మార్కు వేయడం జనరల్ నాలెడ్జ్ పరీక్ష. అంతకన్నా ఖాళీ సీసా చేతికిచ్చి, సీసాలు తీసుకునే యంత్రం పనిచేయడం లేదని దుకాణంలో చెప్పమనండి. పది మార్కుల్లో నాలుగు భాషకు, నాలుగు సందర్భానికి తగినట్టు మాట్లాడినందుకు, మిగతా రెండు ‘ఎందుకు అలా అన్నారు?’ అన్న ప్రశ్నకు. ఈ చివరి జవాబు తెలుగులో చెప్పినా ఒప్పుకోండి.

జర్మన్ భాషా పరీక్షలు పెట్టే గ్యోటె సంస్థ ఏ1 మౌఖిక పరీక్షలో మూడో భాగం ఎదుటివారిని ఏదైనా అడగడం, అడిగితే జవాబివ్వడం. మనకు ‘కొంచెం నీళ్లు ఇస్తారా’లో మర్యాద క్రియ చివరే ఉంటుంది, విడిగా ‘దయచేసి’ అనం. ఆ అలవాటుతో మనవాళ్లు ‘గేబెన్ జీ మియ వాసర్’ (నాకు నీళ్లు ఇవ్వండి) అంటారు. వ్యాకరణం సరే, వినడానికి ఆజ్ఞలా ఉంటుంది. ‘క్యోంటెన్ జీ మియ బిట్టె వాసర్ గేబెన్?’ (దయచేసి నాకు నీళ్లు ఇవ్వగలరా?) అనేదాన్ని సూత్రం చెప్పకుండా, అచ్చంగా ఒక్క ముక్కలా బట్టీ పట్టించండి. ఆ క్రియారూపం వెనకున్న వ్యాకరణం తర్వాతి స్థాయిల్లో చెప్పవచ్చు, నీళ్లు మాత్రం మొదటి వారంలోనే అడగాలి.